అత్త చెవి కోసం నెల చదువు

ఇట్ల దగ్గరికి జరుగమ్మా. ఆ గడప కాడ కూర్చుంటే నా మాటంతా గాలికి పోతాది. ఈ చాప మీదికి రా, కాళ్ళు చాపుకో. చేతిలో పని ఉంటే చేసుకుంటానే విను. ఊరికే చేతులు కట్టుకొని వినేవాళ్ళను చూస్తే నాకు పంచాయితీలో నిలబడినట్టు ఉంటాది. ఇది మా ఇంట్లో జరిగిన సంగతే. మా అత్త, నా తోడికోడలు, నేను. మేము ముగ్గురం నీకు గుర్తుంటే చాలు, మిగతావాళ్ళు వస్తారు, పోతారు.

మాది వల్లూరు, తెలుగు మాట్లాడే కన్నడ సీమ. మా పెరట్లో నిలబడితే కనపడేదంతా సోలార్ అద్దాల పలకలే. మేము చెనిక్కాయలు పెరికిన చేను కూడా వాటి కిందనే ఉండాది. నేను ఇప్పుడు ఆ పలకల సందుల్లో గడ్డి కోసే కూలికి పోతాను. అంటే మా చేన్లోనే నేను కూలి. సరే, అది వేరే కత. మా ఇంటాయన గొర్రెలు మేపుతాడు, మా మరిది సోలార్ గేటు కాడ కాపలా ఉంటాడు. ఒకటే ఇల్లు, నడుమ గోడ లేపి రెండు పొయ్యిలు చేసుకున్నాము. ముందర వసారా మాత్రం ఉమ్మడి. ఆ వసారాలో మా అత్త మంచం.

అత్తకు చూపు పోయి శానా ఏండ్లాయె. చెవులు మాత్రం పాము చెవులు. పక్కింట్లో పాలు పొంగితే ఈమె ఈడి నుంచి అరుస్తాది. మాపటేళ సంగటి తిన్నాక నేను పోయి ఆ మంచం కోడుకు ఆనుకొని కూర్చొని కత చెప్పాల. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంతే. మా అవ్వ చెప్పినవి, మా ఊరి జాతరలో విన్నవి, నేను కల్పించినవి, అన్నీ. పగలంతా నన్ను "ఏమ్మే, బిరబిరా కోయి" అనేవాళ్ళే గానీ, ఆ పొద్దు మాత్రం నా నోట్లో మాట కోసం ఒక మనిషి మొగం తిప్పుకొని కాచుకొని ఉంటాది. నాకు ఉండే ఆస్తి అదొక్కటే అనుకో.

ఆ ఆస్తికే ఎసరు వచ్చింది.

పంచాయితీ ఆఫీసు పక్క గదిలో గ్రంథాలయం ఉండాది. ఆడ కొత్తగా వచ్చిన మేడం ఆడోళ్ళకని ఒక పోటీ పెట్టింది. నెల రోజులు, వారానికి ఒక పుస్తకం లెక్కన చదవాల. ఆదివారం ఆదివారం వచ్చి చదివింది నోటితో చెప్పాల. నెల ముగిసినాక ఎవరు బాగా చెప్పినారో వాళ్ళకు బహుమానం. చుట్టుపక్కల ఊర్ల వాళ్ళు కూడా రావచ్చు.

నా తోడికోడలు పరిగెత్తింది. ఆ పిల్లది వై.ఎన్.హొసకోట. పియుసి చదివింది, ఇంటరు అనుకో. కన్నడ చదివితే రేడియోలో వార్తలు చెప్పినట్టే ఉంటాది. మంచిదే, చదువుకోనీ, నాకేం పోయింది అనుకున్నాను. అనుకున్నానా? ఆ పొద్దు మాపటేళ నేను ఎప్పటి మాదిరి పోయి మంచం కాడ కూర్చుంటే మా అత్త అనింది గదా:

"పెద్దదానా, ఈ నెల నీకు రజా, కత చెప్పే పని లేదు."

"ఏంది అత్తా? ఒళ్ళు బాగలేదా?"

"ఒళ్ళు బాగానే ఉండాది. చిన్నది పుస్తకాలు తెస్తాది అంట. ఎట్లాగూ చదవాల గదా, ఆ చదివేది నా కాడ కూర్చొని గట్టిగా చదవమన్నాను. నీ కతలన్నీ నాకు వచ్చు. అవి యాడికి పోతాయి? నెల గడిచినాక చెబుదువులే."

యాడికి పోతాయి అంట! అన్నం తిన్న చెయ్యి ఆరకముందే లేచి లోపలికి పోయి కడిగిన బోకులే మళ్ళా కడిగినాను.

తెల్లారి చూస్తే ఆ పిల్ల తిన్నె మీద కూర్చొని, పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, స్కేలు పెట్టి గీతలు కొడతాంది. నెలంతా గళ్ళు. ఏ పొద్దు యాడి నుంచి యాడికి చదవాల, ఏ గడిలో ఏ పుస్తకం, ఆదివారానికి ఎర్ర పెన్ను. మొదటి వారం పలచ పుస్తకం, రెండో వారం దానికంటే కొంచెం లావుది, మధ్యలో తన బిడ్డకు జొరమో, అమ్మగారింటికి ప్రయాణమో వస్తే అని రెండు గళ్ళు ఖాళీ పెట్టింది. అది చూసినాక నాకు ఇంకా మండింది. జొరానికి కూడా గడి పెట్టే మనిషితో ఎట్ల గెలిచేది చెప్పు!

"అక్కా, ఎట్లుండాది నా ప్లాను?" అనింది.

"బాగుండాది. రేషన్ అంగడి బోర్డు మాదిరి ఉండాది" అన్నాను.

మాపటేళ చదువు మొదలు. చదివేది కన్నడమే, వినేదానికి మాకందరికీ వచ్చు. నేను గోడకు ఇవతల సంగటి గెలుకుతాండాను. అవతల నుంచి ఆ పిల్ల గొంతు, నడుమ నడుమ మా అత్త "ఊఁ... ఊఁ". ఆ ఊఁ నాది! నాకోసం కొట్టాల్సిన ఊఁ అది! వీధిలో పిల్లోళ్ళు కూడా వచ్చి మంచం చుట్టూ చేరినారు. ఎవరో రాజు బిడ్డను ఎవరో ఎత్తుకొనిపోయేటప్పుడు నేను మిక్సీ వేసినాను. చట్నీకి అని కాదు, మిక్సీలో ఏమీ వెయ్యలేదు కూడా.

"ఆ మిక్సీ ఆపమ్మే! బిడ్డను ఎత్తుకొనిపోతాంటే!" అని అత్త అరిచింది.

ఆపినాను. బిడ్డ ఏమయిందో నాకూ కావాల గదా.

రెండు మాపులు అట్ల గోడ కాడ నిలబడి విన్నాక మూడో పొద్దు నేనూ గ్రంథాలయానికి పోయినాను. గడ్డి కొడవలి చేతిలోనే ఉండాది. మేడం బెదిరిపోయింది.

"నేనూ చదువుతాను. పేరు రాసుకోమ్మా."

"చదువు వచ్చునా అక్కా?"

"నాలుగో తరగతి. మాది మడకశిర దిక్కు, తెలుగు బడి" అన్నాను. ఈడ అందరమూ ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివేది మాత్రం కన్నడ. నేను కాపురానికి వచ్చినాక నా తెలుగు అక్షరాలతో ఎవరికీ పని పడలేదు. బస్సు బోర్డు కూడా ఇంకొకరిని అడగాల్సిందే. మేడం కింద అరలో వెతికి దుమ్ము దులిపి నాలుగు తెలుగు పుస్తకాలు తీసింది. మూడు పలచవి. ఒకటి తలకింద పెట్టుకుంటే దిండు అక్కర లేదు, అంత లావుది. నా తోడికోడలి పుస్తకాల్లో అంత లావుది లేదు. అందుకే అది కూడా సంకలో పెట్టుకొని వచ్చినాను.

నాకూ ప్లాను ఉండాది. కాగితం మీద కాదు, తల్లో. కానీ నా ప్లాను చేను ప్లాను. ఆ పొద్దు మంగళవారం. కొత్త పని మంగళవారం ఎవరన్నా పడతారా? పక్కకు పెట్టినాను. తెల్లారి అమాస ముందర పొద్దు, అదీ మంచిది కాదు. అమాస నాడు నాగలే కట్టము, పుస్తకం ఎట్ల తెరుస్తాము? సోమవారం ఎద్దులకు విశ్రాంతి ఇచ్చే ఇల్లు మాది. ఎద్దులు అమ్మేసి శానా కాలమైనా సోమవారం కొత్త బరువు ఎత్తుకోము. సంత నాడు కుదరదు, సంఘం మీటింగు నాడు కుదరదు. ఇట్ల అన్నీ తీసేసి చూస్తే వారంలో నాకు మిగిలింది పిడికెడు. అయినా నా ప్లానే శాస్త్రంగా ఉండాదని అనుకున్నాను. ఆ పిల్ల అమాస నాడే కొత్త పుస్తకం తెరిచింది. ఇంక చూడు, దానికి జరగదు అనుకున్నాను. దానికి జరిగింది. నాకే జరగలేదు.

నేను చదివేది పని కాడ, బువ్వ తినే ఏళలో. పలకల కింద నీడ ఉంటాది, అందరమూ ఆడ కూర్చొని గిన్నెలు తెరుస్తాము. అక్షరాలు మొదట్లో నన్ను గుర్తే పట్టలేదు. ఒత్తు వస్తే చాలు, బండి గుంటలో పడినట్టు ఆగిపోతాను. వేలు పెట్టి, పెదవులు కదిలిస్తా చదువుతాంటే గడ్డి కోసే ఆడోళ్ళకు పండగ.

"ఏమ్మే, పరీక్ష ఎప్పుడు?"

"పాసయితే మనల్ని మరచిపోతాదిలే, ఆఫీసులో కుర్చీ వేస్తారు."

"నోరు మూసుకొని తినండే" అన్నాను. "నా తోడికోడలు ఏంది, నేనేంది అని తేలే పొద్దు ఇది."

"తేలేదేముండాది? ఆ పిల్ల నీకంటే ఎర్రగా ఉండాది, నీకంటే చదివింది. ఇంక మిగిలింది నీ నోరే" అనింది ఒకామె. అందరూ నవ్వినారు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. అవును గదా, నా నోరు ఉండాది గదా!

మొదటి ఆదివారం వచ్చె. నా పలచ పుస్తకం సగమే అయింది. ఊరూరూ తిరిగి చీరలు అమ్ముకునే ఒకామె కత అది. సగం వరకు చదివింది చెప్పినాను, ఆ మీదట నా నోటికి తాడు విప్పినాను. ఆమెను వానలో నిలబెట్టినాను, జొరం తెప్పించినాను, మూట తలకింద పెట్టి చంపినాను. గ్రంథాలయంలో ఆడోళ్ళు కొంగుతో కండ్లు తుడుచుకున్నారు. నేను గెలిచినాను అనుకుంటాండగా మేడం మెల్లగా అనింది:

"అక్కా, ఆ పుస్తకం నేనూ చదివినాను. అందులో ఆమె చావదు గదా. కడకు పెద్ద అంగడి పెడుతుంది."

అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరు? నా తోడికోడలు. బలసముద్రం నుంచి వచ్చే ఒకామె ఉండాది, గంట మోగినట్టు గొంతు, ప్రతి వారం కొత్త చీర, తన వాళ్ళను ఆటో నిండా ఎక్కించుకొని వస్తాది. ఆమె అయితే తొడ కొట్టుకొని మరీ నవ్వింది. నేను ఇల్లు చేరేలోపల ఆ సంగతి మా అత్త చెవిలో పడిపోయింది.

"అంగడి పెట్టుకున్నదాన్ని చంపేస్తివి అంట గదే పెద్దదానా" అని అత్త మంచం అదిరేట్టు నవ్వింది. నాకు ఆ నవ్వు బాధ కాలేదమ్మా. ఆ నవ్వు మోసుకొని వచ్చిన మనిషే బాధ. నా సంగతి నాకంటే ముందు ఇంటికి చేరవేసింది గదా అని రెండు పొద్దులు నేను ఆ పిల్లకు పెరుగు తోడు కూడా ఇవ్వలేదు.

రెండు, మూడు వారాలు ఎట్లనో ఈదినాను. చదివిందే చెప్పినాను, ఒక్క ప్రాణం కూడా తియ్యలేదు. కానీ ఇంట్లో మంచం కాడ నా చోటు మాత్రం రాలేదు. అత్త తల ఆ పిల్ల దిక్కే. దాని గళ్ళన్నీ ఒకటొకటిగా నిండిపోతాండాయి. నిండిన గడికి పువ్వు బొమ్మ వేస్తాది. కడ వారం రాకముందే దాని నాలుగో పుస్తకం కూడా అయిపోయింది. నా లావు పుస్తకం ఇంకా మొదట్లోనే ఉండాది. రైలు పట్టాలు వేసే గుంపులో ఒక మనిషి కత అది. వాడు ఊరు విడిచి, గుంపులో చేరి, ఆడ ఒక వంట చేసే పిల్లను చూసి ఇష్టపడేటప్పటికే నాకు కండ్లు నీళ్ళు కారతాండాయి. కత బాధకు కాదు, అచ్చు సన్నం.

ఆ పొద్దు అత్త అడిగింది. "చిన్నదానా, నీది ముగిసినాదా?"

"అయిపోయింది అత్తా."

"పెద్దదానిది?"

నేను పుస్తకం కొంగు కిందికి తోసినాను. ఆ పిల్లే అనింది, "అక్కది ఇంకా ఇంత ఉండాది అత్తా" అని. చేత్తో చూపిచ్చింది, చూపు లేని మనిషికి! అత్త దాని చెయ్యి తడిమి లావు కొలుచుకుంది.

"మరి నువ్వు గట్టు మీద కూర్చుంటివి ఏంది? నీ మునుం అయిపోతే వెనకబడినదానికి ఎదురు పోవాల గదా. ఇంతకాలం చేన్లో ఏం నేర్చుకున్నారే మీరు?"

నీకు చెప్పాల ఇది. మేము కలుపు తీసేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క పట్టె పట్టుకొని పోతాము. దాన్నే మునుం అంటాము. ముందర ముగించినది గట్టెక్కి కూర్చోదు. వెనకబడినదాని పట్టెలో అవతలి కొస నుంచి దూరి, కలుపు తీసుకుంటా ఎదురుగా వస్తాది. నడుమ ఇద్దరూ కలిస్తే ఆ పట్టె అయిపోయినట్టే. మా అత్త జీవితమంతా అట్లనే పని చేసింది. చేనుకు అవతలి కొస ఉంటే పుస్తకానికి ఉండదా అని ఆమె లెక్క. ఎదురు రానిచ్చుకునేది మా ఆడోళ్ళలో పెద్ద తల వంపు. నాకు పుస్తకం పొయ్యిలో పెట్టాలనిపించింది. కానీ మునుం మాట వచ్చినాక కాదనేదానికి లేదు. ఇది తప్పు, పుస్తకం అట్ల చదవరు అని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. పియుసి చదివినదానికి కూడా తోచలేదు చూడు!

ఆ పిల్లకు తెలుగు అక్షరాలు రావు. కానీ కన్నడ అక్షరాలు వీటికి చెల్లెండ్లే గదా, చూస్తా చూస్తా పోల్చుకుంది. రేడియో మాదిరి చదివే పిల్ల, తెలుగు ముందర కూర్చుంటే నత్తి వచ్చినట్టు "చ... చచ్చి... పో" అని తడుముకుంటాంటే నాకు ఎంత హాయిగా ఉండిందో ఏం చెప్పేది! నిమ్మకాయ నీళ్ళు తాగినట్టు ఉండింది.

పగలు ఆ పిల్ల ఇంట్లో పుస్తకం పెట్టుకొని కడ అధ్యాయం చదవాల, ఆ మీదట దాని ముందరిది, దాని ముందరిది. నేను మాపటేళకు వచ్చి మొదటి నుంచి చదవాల. ఎవరెంత చదివితే అంత అత్తకు చెప్పాల. మొదటి పొద్దే రచ్చ.

"వాడు సొరంగంలో బండ కింద పడి చచ్చిపోయినాడు అత్తా" అనింది చిన్నది.

"అయ్యో పాపం" అనింది అత్త.

"వానికి ఇప్పుడు పెండ్లి చూపులు అత్తా" అన్నాను నేను.

"ఎవరికి?"

"వానికే."

"చచ్చినోనికి పెండ్లి చూపులా? మీ పుస్తకం తగలబడ!" అని అత్త లేచి కూర్చుంది. అయినా విడిచిపెట్టదు. ఒక కొస నుంచి వాని శవం తెస్తాండారు, ఇంకొక కొస నుంచి వానికి బాసికం కడతాండారు. ఆ వంట చేసే పిల్ల ఆ దిక్కు ఏడుస్తాంది, ఈ దిక్కు నవ్వుతాంది. నేను పెండ్లి ఎంత బాగా చెప్పినా అత్త మాత్రం నిట్టూరుస్తా "ఏం లాభంలే, చచ్చేవాడే గదా" అంటాది. నా సగాన్ని దాని సగం తినేసింది. ఎంత చెడ్డ కడుపుమంటో ఆలోచించు, నేను ముందరే పోతాండాను, కానీ కత ముగించేది ఆ పిల్ల!

శనివారం మధ్యాహ్నానికి ఇద్దరమూ ఒకే అధ్యాయం కాడ తేలినాము. పుస్తకం ఒకటే. తిన్నె మీద పక్కపక్కన కూర్చొని నేను పైనుంచి, ఆ పిల్ల కిందనుంచి. తల తగిలింది. అప్పుడు ఆ పిల్ల పుస్తకం మూసి అనింది:

"అక్కా, నీకేమి, నువ్వు బాగున్నావు."

"నేనా?"

"నెలంతా అత్త నన్ను ఏం తిట్టిందో తెలుసునా? రోజూ చదవడం అయినాక, 'నువ్వు బడిపిల్లోళ్ళ మాదిరి ఒప్పజెప్తావే, పెద్దది చెప్తే మనిషి నా మంచం మీద వచ్చి కూర్చున్నట్టు ఉంటాది' అంటాది. నువ్వు ఆ చీరలామెను చంపిన కత నన్ను మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకుంది. అంగడి పెట్టేది వద్దు అంట, చచ్చేదే కావాల అంట. నాకు ఎంత ఉడుకు వచ్చింది తెలుసునా? ఆ గళ్ళ మీద పువ్వులు వేసుకుంటా కూర్చున్నాను గానీ..."

దాని కండ్లలో నీళ్ళు. నేను ఓదార్చాలని చెయ్యి ఎత్తినాను, కానీ మొగం మాత్రం నవ్వుతాంది, ఎంత దాచినా దాగలేదు. ఆ పిల్ల చూసింది.

"నవ్వుతావా అక్కా?"

"లేదు పాపా, ఎండకు కండ్లు చిట్లించినాను."

"ఎండ యాడుండాది ఈడ?"

ఇద్దరమూ నవ్వేసినాము. అవతల మంచం మీద అత్త "ఏందే ఆ నవ్వు, వాడు బతికినాడా?" అని అరిచింది.

ఆదివారం ఇద్దరమూ కలిసి చెబుతామని మేడంను అడిగినాము. ఆమె సరేననింది. నేను వరసగా మొదలుపెట్టి పెండ్లి చేసినాను, చిన్నది అందుకొని వాణ్ణి సాగనంపింది. బాగా చెప్పినాము, అబద్ధం ఎందుకు. నడుమ ఒకచోట వానికి కూతురు పుట్టిందో కొడుకు పుట్టిందో అని ఇద్దరమూ మొగాలు చూసుకున్నాము, అంతే.

బహుమానం ఆ బలసముద్రం ఆమెకు వచ్చింది. ఆమె లేచి చేతులు తిప్పతా, నడుమ పాట కట్టి, కతలోని అత్త గొంతుతో ఒకసారి, కోడలి గొంతుతో ఒకసారి చెప్పి, ఆటో నిండా తెచ్చుకున్న వాళ్ళతో చప్పట్లు కొట్టించుకుంది. మేడం కూడా కుర్చీ ముందుకు లాక్కొని వినింది.

దారి పొడుగునా నేనూ నా తోడికోడలూ నోరు మూయలేదు.

"పాట ఎందుకంట? చదవమన్నారా, పాడమన్నారా?"

"ఆ చీర చూసినావా అక్కా, పెండ్లికి వచ్చినట్టు."

"గొంతు కాదు అది, జాతరలో కొట్టే తమటె."

"నువ్వే బాగా చెప్పినావక్కా."

"నువ్వు సొరంగం చెప్పింది బాగుండింది పాపా, నాకు ఊపిరి ఆడలేదు."

ఇల్లు చేరినాము. అత్త కాచుకొని ఉండాది. ఎవరికి వచ్చిందని అడిగింది. చెప్పినాము. పాట సంగతి, రెండు గొంతుల సంగతి, అన్నీ చెడ్డగానే చెప్పినాము. అత్త అంతా వినింది. మొగం మా దిక్కు తిప్పి, మెత్తగా అనింది:

"అట్లనా... ఆ బలసముద్రం ఆమెను ఒక మాపు మన ఇంటికి పిల్చుకొని రాండే. విందాము."

"వద్దు!" అన్నాము ఇద్దరమూ ఒక్కసారే.

ఆ మాపు వంట ఇద్దరివీ ఒకే పొయ్యి మీద అయింది, త్వరగా అవుతాదని. మంచానికి ఆ పక్క ఆ పిల్ల, ఈ పక్క నేను. ఎవరి దిక్కు తల తిప్పాలో అత్తకే కష్టం వచ్చింది. ఎవరు మొదలు పెట్టాల అని మేము ఇంకా తగువాడుకుంటాంటే ఆమె ఎల్లకిలా పండుకొని, మొగం సూరు దిక్కు పెట్టేసింది. "ఎవరో ఒకరు చెప్పండే, లేకుంటే ఆ బలసముద్రం ఆమెను పిలిపిస్తాను, ఆ ఊరు ఎంత దూరమని" అనింది. నేను మొదలుపెట్టినాను. రెండు మాటలకే ఆ పిల్ల "అట్ల కాదక్కా" అని అందుకుంది. నాకు మళ్ళా మండింది. మండితే మండనీ, నేను లేచి పోలేదు. లేచి పోతే ఆ చోటు ఎవరిదవుతాదో నాకు తెలుసు.

ఇదమ్మా సంగతి. ఇంతసేపు నా పక్కన కూర్చున్నావు, నీ మేలు మరవను. నీ ఇంట్లో కుండ నిండుగా ఉండాల, పెద్దోళ్ళ చెవులు బాగుండాల, మాపటేళ మీ మంచాల చుట్టూ చోటు చాలనంత జనం ఉండాల. నువ్వు నోరు తెరిస్తే నీవాళ్ళు నీ దిక్కే తిరగాల. సల్లగా ఉండు తల్లీ, నీ ఇల్లూ పిల్లాజెల్లా సల్లగా ఉండాల.